కొత్త కెమెరాకి ఏ మెమరీ కార్డు కొనాలి, దాన్ని ఎలా చూసుకోవాలి

ప్రశ్న: సోనీ జెడ్‌వీ-ఈ10 కొత్తగా కొన్నాను. షాపువాళ్లు అడాప్టర్‌లో పెట్టిన 32 జీబీ మైక్రో కార్డు ఒకటి ఊరికే ఇచ్చారు. వచ్చే నెల అక్క పెళ్లి. ఫొటోలూ తీయాలి, వీడియోలూ తీయాలి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకే కంపెనీ 64 జీబీ కార్డు నాలుగు రకాల ధరల్లో ఉంది. ఏది కొనాలి? ఫార్మాట్ ఎప్పుడెప్పుడు చేయాలి? కార్డు పాడైతే ఫొటోలు తిరిగి వస్తాయా?

సమాధానం:

ముందు ఏం కొనాలో చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పేరున్న కంపెనీది, వి30 గుర్తు ఉన్నది, యూహెచ్‌ఎస్-1 రకం (కార్డుకీ కెమెరాకీ మధ్య దారి ఎంత వేగంగా ఉంటుందో చెప్పే పేరు), పూర్తి సైజు ఎస్‌డీ కార్డు. 64 జీబీవి రెండు తీసుకోండి, వీలైతే మూడు. వీడియో ఎక్కువ తీస్తారనుకుంటే వాటిలో ఒకటి 128 జీబీది చేయండి. వాటితో పాటు ఒక యూఎస్‌బీ 3 కార్డు రీడర్. షాపువాళ్లు ఇచ్చిన మైక్రో కార్డును ఇంట్లో కెమెరా నేర్చుకోవడానికి వాడుకోండి, పెళ్లికి మాత్రం తీసుకెళ్లకండి.

ధరల తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే కార్డు మీద రాతలు చదవడం రావాలి. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో 100, 170, 200 అని ఒక అంకె ఉంటుంది. అది చదివే వేగం. అంటే కార్డులోంచి కంప్యూటర్‌కి ఫొటోలు ఎంత త్వరగా వస్తాయన్నది. కెమెరాకి కావలసింది రాసే వేగం, దాన్ని చాలా ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాల్లో వేస్తారు. పైగా యూహెచ్‌ఎస్-1 ప్రమాణం ప్రకారం కార్డుకీ కెమెరాకీ మధ్య సెకనుకు 104 ఎంబీకి మించి పోదు. మరి 170, 200 ఎలా వేస్తున్నారంటే, కంపెనీలు ఆ ప్రమాణం దాటి సొంత పద్ధతి ఒకటి పెట్టుకున్నాయి. దానికి తగిన రీడర్ ఉంటేనే ఆ వేగం వస్తుంది. మీ కెమెరాలో రాదు. ఒకే పేరున్న కార్డుల్లో కూడా 64 జీబీకీ 256 జీబీకీ రాసే వేగం వేరుగా ఉండొచ్చు, కాబట్టి మీరు కొనే సైజు ఎదురుగా ఏం రాశారో చూడండి.

మీకు పనికొచ్చే హామీ మూలన చిన్న గుర్తుగా ఉంటుంది. గుండ్రటి సి లోపల 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుంది. యు అక్షరం లోపల 1 ఉన్నా అంతే, 10 ఎంబీ. యు లోపల 3 ఉంటే 30 ఎంబీ. వి30 అంటే 30, వి60 అంటే 60, వి90 అంటే 90. ఇవి "ఇంతవరకూ పోగలదు" అని చెప్పే అంకెలు కావు, "ఇంతకంటే తగ్గదు" అని చెప్పేవి. వీడియోకి కావలసింది ఇదే. మధ్యలో వేగం పడిపోతే రికార్డింగ్ ఆగిపోవచ్చు. యు3, వి30 రెండూ ఒకే హామీ కనుక రెండు గుర్తులూ ఉన్నాయని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ఏ1, ఏ2 అన్నవి ఫోన్‌లో యాప్‌లు నడపడానికి సంబంధించినవి, కెమెరాకి వాటితో పనిలేదు.

మీ కెమెరాలో 4కే వీడియో గరిష్ఠంగా సెకనుకు 100 మెగాబిట్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు. కెమెరా మెనూలో ఉండేవి మెగాబిట్లు, కార్డు మీద ఉండేవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ. సి10 హామీ 10 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఈ వీడియోకి సి10 చాలదు. అందుకే 100 మెగాబిట్ల సెట్టింగ్‌కి సోనీ యు3 కార్డు అడుగుతుంది, తక్కువ రకం పెడితే ఈ కార్డుతో కుదరదని కెమెరాయే చెప్పేస్తుంది. 60 మెగాబిట్లకు దించితే సి10 చాలు. వి30 ఉంటే రెండింటికీ సరిపోయి ఇంకా సగానికి పైగా మిగులుతుంది. వి60, వి90 ఎవరికంటే, ఫ్యూజీ కెమెరాల్లో 400 మెగాబిట్లు పెట్టుకునేవారికి, సోనీ పెద్ద కెమెరాల్లో 600 మెగాబిట్ల ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే) వీడియో తీసేవారికి. 400ని 8తో భాగిస్తే 50, అంటే వి60. 600ని భాగిస్తే 75, అంటే వి90. రేపు ఏ కెమెరా కొన్నా ఈ భాగహారం చేసుకుంటే షాపులో ఎవరినీ అడగక్కర్లేదు.

యూహెచ్‌ఎస్-2 కార్డు సంగతి. దాని వెనక రాగిరంగు పట్టీలు రెండు వరుసలుగా ఉంటాయి, యూహెచ్‌ఎస్-1కి ఒక్క వరుసే. రెండో వరుసను ముట్టుకునే పిన్నులు కెమెరాలో ఉంటేనే ఆ వేగం. మీ జెడ్‌వీ-ఈ10లో లేవు. కెనాన్ ఆర్50లో, నికాన్ జెడ్30లో, సోనీ ఏ6400లో కూడా లేవు. పెడితే పనిచేస్తుంది గానీ యూహెచ్‌ఎస్-1 లాగే నడుస్తుంది. రెండింతలూ మూడింతలూ ఉండే ఆ ధర మీ కెమెరాలో వృథా. కార్డు మీద ఈ ఒకటి, రెండు రోమన్ అంకెలతో ఒక గీతగానో రెండు గీతలుగానో ఉంటాయి. వాటిని యు లోపలి 1, 3 అంకెలతో కలిపేసుకోకండి. రోమన్ అంకె దారి ఎంత వెడల్పో చెబుతుంది, యు లోపలి అంకె కనీస వేగం ఎంతో చెబుతుంది.

ఫొటోలకు లెక్క వేరు. షట్టర్ నొక్కగానే ఫొటో నేరుగా కార్డులోకి పోదు. కెమెరా లోపల బఫర్ అనే తాత్కాలిక జాగాలో పడి, అక్కడినుంచి కార్డులోకి దిగుతుంది. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (జేపెగ్‌గా మార్చని ముడి ఫొటో) ఒక్కోటి ఇంచుమించు 25 ఎంబీ. సెకనుకు పది తీస్తే 250 ఎంబీ పుడుతోంది, కార్డులోకి బాగా పోతే 80 ఎంబీ పోతోంది. కాబట్టి బఫర్ నిండటం ఖాయం. దాంట్లో 40 రా ఫొటోలు ఉన్నాయనుకోండి, మొత్తం 1,000 ఎంబీ. సెకనుకు 80 ఎంబీ రాసే కార్డుకి ఖాళీ చేయడానికి పన్నెండు, పదమూడు సెకన్లు పడుతుంది. 25 ఎంబీ రాసే కార్డుకి 40 సెకన్లు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం, మూడు ముళ్లు పడే క్షణం 40 సెకన్లు ఆగవు. తలంబ్రాల దగ్గర అందరూ వేలు తీయకుండా నొక్కుతారు, సరిగ్గా పెళ్లికూతురు నవ్వే సమయానికి కెమెరా నత్తనడక పడుతుంది. మూడు నాలుగు షాట్లు తీసి ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకోండి. తలంబ్రాల వరకూ జేపెగ్‌కి మారినా మంచిదే, ఒక్కో ఫైలు 10 ఎంబీ లోపు ఉంటుంది కాబట్టి బఫర్ అంత త్వరగా నిండదు.

ఇక ఎన్ని జీబీలు. రా, జేపెగ్ రెండూ కలిపి తీస్తే 64 జీబీలో 1,700 ఫొటోల దాకా పడతాయి. 100 మెగాబిట్ల 4కే అయితే 80 నిమిషాల పైచిలుకు. 128 జీబీలో రెండున్నర గంటలు దాటి పడుతుంది. కార్డును కంప్యూటర్‌కి పెడితే 64కి బదులు 59.6 చూపిస్తుంది, మోసం అనుకోకండి. కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన జీబీ కడతారు. 32 జీబీ వరకూ ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డుల్లో ఫైళ్లను సర్దే ఫ్యాట్32 పద్ధతి వల్ల 4 జీబీకి మించిన ఫైలు ఉండదు. 100 మెగాబిట్ల వీడియో ఐదున్నర నిమిషాలకోసారి ముక్క అవుతుంది. 64 జీబీ నుంచి ఎస్‌డీఎక్స్‌సీ, అంటే ఎక్స్‌ఫ్యాట్, ఆ బాధ లేదు.

ఒకటే 256 జీబీ కార్డు కొంటే పోలేదా అంటే, మీ కెమెరాకి కార్డు స్లాట్ ఒక్కటే. ఆ కార్డు పోతే పెళ్లంతా పోయినట్టే. అదే స్నాతకం, వరపూజ ఒక కార్డులో, ముహూర్తం ఇంకో కార్డులో, అప్పగింతలు మూడో కార్డులో ఉంటే ఒకటి పాడైనా రెండు మిగులుతాయి. మార్చేటప్పుడు పారేసుకునే ప్రమాదం ఎక్కువ కదా అని కొందరంటారు, అందులో నిజముంది. అందుకే పది 16 జీబీ కార్డులు పెట్టుకోమని నేను చెప్పను. పెళ్లికి మూడు 64లు సరైన లెక్క అని నా అభిప్రాయం.

మైక్రో కార్డును అడాప్టర్‌లో పెట్టి ఎందుకు వాడొద్దంటున్నానో చెప్పాలి. మామూలు ఎస్‌డీ కార్డులో పట్టీలు కెమెరా పిన్నులకు ఒక్కచోటే తగులుతాయి. అడాప్టర్‌తో మైక్రో కార్డుకీ అడాప్టర్‌కీ మధ్య ఒకసారి, అడాప్టర్‌కీ కెమెరాకీ మధ్య ఇంకోసారి తగలాలి. లోపలి సన్నటి స్ప్రింగు పిన్నులు తరచూ తీసిపెడుతుంటే వదులవుతాయి. కెమెరా ఊగినప్పుడు అర సెకను తెగినా రాస్తున్న ఫైలు చెడుతుంది, ఒక్కోసారి ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫోల్డర్ల పట్టికే చెడుతుంది. గోప్రో, డ్రోన్ లాంటివాటిలో మైక్రో కార్డు నేరుగా పడుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

కొనే దగ్గర జాగ్రత్త

నకిలీ కార్డులు రెండు రకాలు. ఒకటి నెమ్మది కార్డుకు పేరున్న కంపెనీ స్టిక్కర్ వేసినది. రెండోది ఇంకా ప్రమాదం. లోపల ఉన్నది 16 జీబీ, కానీ కార్డును నడిపే కంట్రోలర్ చిప్‌ను మార్చి 128 జీబీ అని చెప్పిస్తారు. కెమెరా నమ్ముతుంది, కంప్యూటరూ నమ్ముతుంది. మొదటి 16 జీబీ వరకూ అంతా సవ్యంగా ఉంటుంది, ఫొటోలు తెరుచుకుంటాయి. ఆ తర్వాత తీసినవి గాల్లో కలిసిపోతాయి లేదా పాతవాటి మీదే పడతాయి. ఫైలు పేరూ సైజూ కనిపిస్తాయి, తెరిస్తే బూడిదరంగు గీతలు. నాలుగు ఫొటోలు తీసి చూసి కార్డు బాగుందనుకునేవాళ్లకి ఇది పెళ్లి రోజునే బయటపడుతుంది.

ధర మార్కెట్‌లో ఉన్నదాంట్లో సగం ఉంటే అక్కడే ఆగిపోండి. కోఠిలో కొన్నా, బెజవాడలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా సీలు ఉన్న ప్యాకెట్, జీఎస్టీ బిల్లు తీసుకోండి. మన దేశంలో ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉండాలని చట్టం. అవేవీ లేని ప్యాకెట్ పక్కన పెట్టేయండి. ఆన్‌లైన్‌లో అయితే సైటు పేరు కాకుండా అమ్మేవాడెవరో చూడండి. ఇంకొక మాట: కార్డు మీద వారంటీ కార్డుకే వర్తిస్తుంది, లోపల ఉన్న ఫొటోలకు కాదు.

ఇంటికి రాగానే, వాపసు గడువు ఉండగానే పరీక్ష చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, మ్యాక్, లినక్స్ వాడేవారికి ఎఫ్3. ముందు కార్డు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ తెరిచి భాష ఇంగ్లిష్‌కి మార్చి, టార్గెట్ దగ్గర కార్డు డ్రైవ్ ఎంచుకుని, మొత్తం జాగా అని ఉన్నది పెట్టి, రాసి-సరిచూడు అన్న బటన్ నొక్కండి. అది కార్డు నిండా 1 జీబీ ఫైళ్లు రాసి, మళ్లీ అన్నీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోలుస్తుంది. 64 జీబీ కార్డుకి మంచి రీడర్‌తో అరగంట పడుతుంది. పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో గంట దాటుతుంది. చివర లోపాల్లేవని వస్తే కార్డు సైజు నిజం. పక్కన చూపే రాసే వేగం కూడా రాసిపెట్టుకోండి. 30 కంటే బాగా కింద ఉంటే, రీడర్ యూఎస్‌బీ 3దే అయితే, అది వి30 కార్డు కాదు. వేరే పోర్టులో ఇంకోసారి చూసి, అప్పుడూ అంతే ఉంటే వాపసు పంపేయండి.

ఫార్మాట్ ఎప్పుడు, ఎక్కడ

పరీక్ష అయ్యాక కార్డును కెమెరాలో పెట్టి కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌లో చేసినా చాలాసార్లు పనిచేస్తుంది గానీ, కెమెరా తనకు కావలసిన ఫోల్డర్లను, ఫైలు పద్ధతిని తన లెక్కన వేసుకుంటుంది. ముఖ్యంగా సోనీ వీడియోలకు ఒక డేటాబేస్ పెట్టుకుంటుంది. కంప్యూటర్‌లో ఫైళ్లు తీసేసినా పేర్లు మార్చినా, తర్వాత కెమెరాలో పెట్టినప్పుడు డేటాబేస్ లోపం అని అడగడం దానివల్లే. రెండు కెమెరాల మధ్య ఒకే కార్డు మార్చేటప్పుడు కూడా ముందు ఖాళీ చేసుకుని, కొత్త కెమెరాలో ఫార్మాట్ కొట్టండి.

ప్రతి సందర్భానికీ ముందు, పాత ఫొటోలు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయని చూసుకున్నాక ఒకసారి ఫార్మాట్ చేస్తే చాలు. రోజూ చేయనక్కర్లేదు. అలాగని నెలల తరబడి కెమెరాలోనే అక్కడొకటీ ఇక్కడొకటీ డిలీట్ చేసుకుంటూ నెట్టుకురావడం తప్పు. ఫ్లాష్ మెమరీలో జాగా పెద్ద పెద్ద గళ్లుగా ఉంటుంది. వి30 హామీ పూర్తిగా ఖాళీగా ఉన్న గళ్లలో వరుసగా రాసేటప్పటి మాట. సగం నిండిన గడిలో రాయాలంటే ఉన్నదాన్ని వేరేచోటికి జరిపి, గడిని చెరిపి, కలిపి రాయాలి. చెరిపి చెరిపి చిల్లులు పడిన కార్డులో ఆ వేగం నిలవదు. కొత్తలో బాగా నడిచిన కార్డు ఆర్నెల్లకు వీడియో మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఫార్మాట్ చేస్తే మళ్లీ దారిలో పడుతుంది. కెనాన్ కెమెరాల్లో లో లెవెల్ ఫార్మాట్ అని ఒక టిక్కు ఉంటుంది. కార్డు నెమ్మదించినప్పుడు దాన్ని వాడొచ్చు. సోనీలో అలాంటిది కావాలంటే ఎస్‌డీ అసోసియేషన్ ఉచితంగా ఇచ్చే ఫార్మాటర్‌తో కంప్యూటర్‌లో పూర్తి ఫార్మాట్ చేసి, ఆ తర్వాత కెమెరాలో ఇంకోసారి మామూలు ఫార్మాట్ చేసుకోండి.

పెళ్లి రోజు

కార్డుల మీద సన్నటి మార్కర్‌తో 1, 2, 3 అని రాయండి. స్టిక్కర్ అంటించకండి. మందం పెరిగి స్లాట్‌లో ఇరుక్కుంటుంది, వేడికి జిగురు కరిగి లోపల ఊడిపోతుంది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఖాళీ కార్డులను పేరు పైకి కనిపించేలా, నిండినవాటిని వెనక్కి తిప్పి పెట్టండి. రాత్రి రెండింటికి ముహూర్తం ఉన్నప్పుడు నిద్రమత్తులో నిండిన కార్డును ఫార్మాట్ కొట్టే పొరపాటు ఇంతటితో ఆగిపోతుంది. ప్రతి కార్డులో మొదటి ఫొటోగా మీ పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని తీయండి. కార్డు ఎక్కడైనా పడిపోతే దొరికినవాళ్లకు మీరెవరో తెలుస్తుంది.

కార్డు చివరి ఫొటో వరకూ నిండనివ్వకండి. ఇంకో 50 ఫొటోలకు జాగా ఉండగానే, తీరిక దొరికినప్పుడు మార్చేయండి. జాగా కోసం మండపంలో నిలబడి డిలీట్ చేయొద్దు. వేలు జారి ఆల్ అన్నది నొక్కితే సాయంత్రం మొత్తం పోతుంది.

మీ కెమెరాలో కార్డూ బ్యాటరీ ఒకే మూత కింద, అడుగున ఉంటాయి. కొత్తవాళ్లకు ఇది పెద్ద చిక్కు. కార్డు మార్చే తొందరలో బ్యాటరీ కదిలితే, లోపల బఫర్ ఇంకా రాస్తుంటే, ఆ ఫైళ్లే కాక పట్టిక మొత్తం చెడొచ్చు. స్విచ్ ఆఫ్ చేయండి, రాస్తున్నట్టు చూపే ఎర్ర లైటు ఆరిందని చూసుకున్నాకే కార్డును గానీ బ్యాటరీని గానీ కదపండి. ట్రైపాడ్ ప్లేటు బిగించి ఉంటే ఆ మూత తెరుచుకోదు, కాబట్టి ట్రైపాడ్ మీద వీడియో పెట్టేముందే కొత్త కార్డు, నిండు బ్యాటరీ పెట్టేయండి. బ్యాటరీ చివరి గీతలో ఉండగా పొడవాటి వీడియో మొదలుపెట్టకండి. వీడియో ఫైలును మూసే సమాచారం చివర్లో రాస్తుంది, కరెంటు మధ్యలో పోతే ఫైలు ఉన్నా తెరుచుకోదు.

కార్డు మార్చేది పీటల దగ్గర కాదు. పసుపు బియ్యం, కుంకుమ, అక్షింతలు, హోమం పొగ అన్నీ అక్కడే. పసుపు పొడి పిన్నుల మధ్య చేరితే పట్టీ మీద పల్చటి పొరగా అంటుకుంటుంది. ఒక పక్కకు వెళ్లి, కెమెరాను మూత కిందికి వచ్చేలా పట్టుకుని మార్చండి. చేతికి చెమట, నూనె ఉంటే పట్టీలను తాకొద్దు. స్లాట్‌లోకి నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది. రబ్బరు బ్లోవర్ వాడండి. కార్డు పోవడం లేదంటే తిరగేసి పెడుతున్నారని అర్థం, బలవంతంగా నొక్కితే పిన్ను వంగుతుంది. కార్డుకి కొత్తది కొనుక్కోవచ్చు, పిన్ను వంగితే కెమెరా సర్వీస్ సెంటర్‌కి పోవాలి.

ఎండాకాలం పెళ్లిళ్లలో కెమెరా బ్యాగును మూసిన కారులో వదలకండి. కార్డు మాత్రమే అయితే సాధారణంగా 85 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. కానీ ఫ్లాష్ గళ్లలో ఫొటో అంటే కొద్దిపాటి విద్యుదావేశం, వేడికి అది త్వరగా కారిపోతుంది. కార్డు కంటే ముందు బ్యాటరీ దెబ్బతింటుంది. ఎక్కువసేపు 4కే తీశాక కార్డు చేతికి వేడిగా తగలడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పట్టీలు మసకబారతాయి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి అందులో పెట్టుకోండి. పట్టీలు మసకగా కనిపిస్తే దూదిపుల్లకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. రబ్బరుతో రుద్దితే పైన ఉన్న బంగారు పూత అరిగిపోతుంది. విమానాశ్రయంలో ఎక్స్‌రే వల్ల, అయస్కాంతం వల్ల ఫ్లాష్ కార్డుకు ఏమీ కాదు.

కాపీ చేసేటప్పుడు

కట్ చేసి పేస్ట్ చేయకండి, కాపీ మాత్రమే. కట్ చేసినప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే అక్కడా ఇక్కడా లేకుండా పోయే ఫైళ్లుంటాయి. సోనీ వాడేవారు ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఫొటోలు డీసీఐఎం ఫోల్డర్‌లో ఉంటాయి, వీడియోలు అక్కడ ఉండవు. ప్రైవేట్ అనే ఫోల్డర్‌లో ఎం4రూట్, అందులో క్లిప్ అని ఉంటుంది, వీడియోలు అక్కడ. డీసీఐఎం ఒక్కటీ కాపీ చేసుకుని, అంతా అయిపోయిందనుకుని ఫార్మాట్ కొట్టి వీడియో మొత్తం పోగొట్టుకోవడం కొత్తవాళ్లలో తరచూ జరిగేదే. అందుకే ఫోల్డర్లు ఏరకుండా కార్డులో ఉన్నది ఉన్నట్టు మొత్తం కాపీ చేయండి. తర్వాత రెండు చోట్లా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు కలుస్తున్నాయేమో చూడండి. చివర్లో ఉన్న ఫొటోలు నాలుగైదు, ఒక వీడియో తెరిచి చూడండి. ఇంకో హార్డ్ డిస్క్‌లోకి రెండో కాపీ వేయండి. ఇవన్నీ అయ్యాకే ఆ కార్డు ఖాళీ చేయదగ్గది. కార్డులు మిగిలి ఉంటే ఆల్బమ్ చేతికొచ్చేదాకా ఫార్మాట్ చేయకుండా అలాగే ఉంచండి, అదొక మూడో కాపీ.

కార్డు తీసేముందు ఎజెక్ట్ నొక్కండి. పాత లాప్‌టాప్‌లో ఎస్‌డీఎక్స్‌సీ చదవడం రాని రీడర్ ఉంటే "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. కార్డు బాగానే ఉంటుంది, రీడర్‌కే చేతకాదు. ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చినా క్యాన్సిల్.

ఫొటోలు పోతే

వెంటనే తీయడం ఆపండి, కార్డు బయటికి తీయండి. డిలీట్ చేసినా మామూలు ఫార్మాట్ చేసినా ముందు పోయేది పట్టిక మాత్రమే. చాలా కెమెరాల్లో ఫొటోలు ఇంకా గళ్లలోనే ఉంటాయి. వాటి మీద కొత్త ఫొటో పడితే ఆ భాగం ఎవరూ తేలేరు. పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపితే రీడర్ అందులో రాయదు. వేరే రీడర్‌లో, వేరే పోర్టులో పెట్టి చూడండి, చాలాసార్లు సమస్య రీడర్‌దే. విండోస్ స్కాన్ చేసి సరిచేస్తానంటే వద్దనండి. అది పట్టికను తనకు తోచినట్టు సర్దేస్తుంది, ఆ సర్దుబాటులో ఫొటోలు ముక్కలవుతాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం పట్టికను పట్టించుకోకుండా గళ్లన్నీ వెతికి ఫొటోలను ఏరుతుంది. దొరికినవాటిని ఎప్పుడూ కంప్యూటర్ డిస్క్‌లోకే రాయించండి, అదే కార్డులోకి కాదు. పాత పేర్లు రావు, వేల ఫైళ్లు గజిబిజిగా వస్తాయి, తేదీ చూసి సర్దుకోవాలి. ఫొటోలు వచ్చినంత బాగా వీడియోలు రావు, ఎందుకంటే పెద్ద ఫైలు కార్డులో ముక్కలుగా ఉంటే వాటిని వరుసలో కలపడం కష్టం.

బ్యాటరీ పోయి ఆగిన వీడియో విషయంలో మాత్రం ముందు నిండు బ్యాటరీతో అదే కెమెరాలో పెట్టి చూడండి, డేటాబేస్ సరిచేయనా అని కెమెరా అడిగితే చేయనివ్వండి. కార్డు ఏ రీడర్‌లోనూ కనిపించకపోయినా, సైజు సున్నా చూపించినా పోయింది కంట్రోలర్. ఇంట్లో ఏ ప్రోగ్రామూ పనికిరాదు. డేటా రికవరీ ల్యాబ్‌వాళ్లు చిప్ నుంచి నేరుగా చదువుతారు, ఖర్చు కార్డు ధరకు ఎన్నో రెట్లు.

కార్డు లాక్ అయిందని కెమెరా చెబితే ఆ మీటే చూడండి, బ్యాగులో రాసుకుని దానంతటదే జరుగుతుంటుంది. మీట ఊడిపోయిన కార్డును చాలా కెమెరాలు లాక్ అయిందనే అనుకుంటాయి. ఆ గాడి మీద టేపు అంటించి వాడేవాళ్లున్నారు. ఫొటోలు తీసుకోవడానికి టేపు అవసరమే లేదు, లాక్ ఉన్నా చదవడం ఆగదు. టేపు స్లాట్‌లో ఊడిపోతుంది కాబట్టి ఆ కార్డును పక్కన పెట్టండి. వాడకంలో కారణం తెలియని ఎర్రర్ ఒక్కసారి ఇచ్చిన కార్డును కూడా ముఖ్యమైన పనికి మళ్లీ వాడకండి. మీ షాపువాళ్లు ఇచ్చిన 32 జీబీ కార్డును కూడా పైన చెప్పిన పరీక్ష చేశాకే నేర్చుకోవడానికి వాడండి. లోపం చూపిస్తే కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి, ఇంకెవరి కెమెరాలోకీ పోకుండా ఉంటుంది.